పాత హత్య ఫైలు, అట్టపెట్టెలో

నేరకథలు రాయడం నా వృత్తి. తేలకుండా మిగిలిపోయిన పాత కేసుల మీద నాకున్న మోజు తెలిసిన మిత్రుడొకరు, పోలీసు ఫైలు రూపంలో తయారుచేసిన ఒక పరిశోధన ఆటను ఈమధ్య బహుమతిగా ఇచ్చారు. పెట్టె తెరిస్తే ట్యాగుతో కట్టిన కాగితాల కట్ట, అందులో ఏడుగురి వాంగ్మూలాలు, శవపరీక్ష నివేదిక, ఇంటి నక్షా, ఫొటోలు, హతుడి జేబులో దొరికాయని చెప్పే రసీదులు, అన్నిటికీ అడుగున జవాబున్న సీలు కవరు కనిపించాయి. నలుగురు కలిసి ఆడుకోవడానికి ఉద్దేశించినదే అయినా, నేను ఒక్కడినే మూడు సాయంత్రాలు దానితో కూర్చున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది కాగితాలనే. రెండో వాంగ్మూలంలో సాక్షి మొదట చెప్పిన వేళను సిరాతో కొట్టేసి, పైన మరో వేళ రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు. ఆ సంతకం దగ్గర సిరా కాస్త అలుక్కుపోయి ఉంది. చెప్పిన మాటను ఆ మనిషి ఎందుకు మార్చుకున్నాడు, ఎవరైనా మార్పించారా అన్న ఆలోచనతోనే నాకు అరగంట గడిచింది.

నన్ను పాత కేసులవైపు లాగేది ఇలాంటి చోటే. నవలలో గోడగడియారం ఆగిపోయిందని రాస్తే చివరి అధ్యాయంలోపు దానికి నేను లెక్క అప్పజెప్పాలి. అసలు ఫైలుకు ఆ పూచీ లేదు. 1948 డిసెంబరు 1న ఆస్ట్రేలియాలోని అడిలైడ్ దగ్గర, సోమర్టన్ సముద్రతీరంలో దొరికిన గుర్తుతెలియని శవం ప్యాంటు చోరజేబులో, ‘తమామ్ షుద్’, అంటే పారశీకంలో ‘ముగిసింది’ అని అచ్చయిన చిన్న కాగితం ముక్క ఉంది. శవానికి అప్పట్లో పోతపోసిన ప్లాస్టర్ విగ్రహంలో చిక్కుకున్న వెంట్రుకల డీఎన్ఏ ఆధారంగా, అతను మెల్‌బోర్న్‌కు చెందిన కార్ల్ వెబ్ అని ఆచార్య డెరెక్ ఆబట్ 2022లో ప్రకటించారు. పేరైతే తెలిసింది గానీ, అతను ఎలా చనిపోయాడో, ఆ ముక్కను ఎందుకు దాచుకున్నాడో నేటికీ తేలలేదు.

ఈ ఆటలో అలాంటి ముక్క ఒక్కటీ లేకపోవడమే నాకు కనిపించిన పెద్ద లోపం. ప్రతి రసీదూ ఎవరో ఒకరివైపు వేలు చూపిస్తుంది, ప్రతి సాక్షికీ కథలో పని ఉంటుంది. రెండో సాయంత్రానికే ఇదంతా ఒకే చేయి అల్లినదని నాలాంటి వాడికి తెలిసిపోతుంది. ఇందుకు ఒక్కటే మినహాయింపు: వంటింటి వెనుక తలుపు నక్షాలో లోపలికి తెరుచుకుంటే, ఫొటోలో బయటికి తెరుచుకుంటుంది. దాని మీద నేనొక పూర్తి సిద్ధాంతమే కట్టి, తీరా తయారీదారులకు రాస్తే, అది నక్షా గీయడంలో జరిగిన పొరపాటని మర్యాదగానే జవాబిచ్చారు. మూడో సాయంత్రం ముప్పాతిక భాగం ఆ తలుపుకే పోయింది.

అయినా నాకు పెద్దగా కోపం రాలేదు. జర్మనీలో హైల్‌బ్రాన్‌లో 2007లో జరిగిన ఒక పోలీసు అధికారిణి హత్యతో పాటు దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్ఏ బయటపడడంతో, అక్కడి పోలీసులు ఆమె కోసం ఏళ్ల తరబడి గాలించారు. తీరా 2009లో తేలిందేమిటంటే, అది నమూనాలు తీసే దూదిపుల్లల తయారీలో పనిచేసిన స్త్రీదట. నా తలుపు కథ దానిముందు ఏపాటిది!

ప్రయోగశాల నివేదిక మాత్రం నిరాశపరిచింది. డీఎన్ఏ పంపగానే ఒక్క పేజీలో పేరు వచ్చేస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియాను వణికించిన హంతకుణ్ణి 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నది ఇలా కాదు. దూరపు చుట్టాల డీఎన్ఏను ఆధారం చేసుకుని, తరాల వెనక్కి వెళ్లి వంశవృక్షాలు గీసి, ఒక్కొక్క కొమ్మనూ కొట్టివేస్తూ అతని దాకా వచ్చారు. ఆ శ్రమలో పదోవంతు ఆటగాడి చేత చేయించినా ఈ ఆట మరో మెట్టు పైన ఉండేది. సూచనల పుస్తకం గురించి చెప్పడానికేమీ లేదు, దాని అవసరమే రాదు.

సీలు కవరులోని పరిష్కారం న్యాయంగానే ఉంది. ఆధారాలన్నీ ముందే మన చేతిలో ఉన్నాయి. జవాబు చేతికందితే తృప్తిపడేవారు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. నేను మాత్రం కవరును మళ్లీ పెట్టె అడుగున పెట్టేసి, వెనుక తలుపు ఫొటో ఒక్కటి బయట ఉంచుకున్నాను.