మధురవాడలో గీజర్ సర్వీసింగ్: కొత్తది అక్కర్లేదన్న మెకానిక్

విశాఖలో ఎం.వి.పి. కాలనీలో ఉన్నన్నాళ్లూ మాకు కుళాయి నీళ్లే కాబట్టి ఈ బాధ తెలీదు. రెండేళ్ల కిందట మధురవాడలో అద్దెకు దిగాం. ఇక్కడ వాడకానికంతా బోరు నీళ్లే. సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి చారలు. ఈ చలికాలం గీజర్ వేస్తే లోపల గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు మొదలైంది. తర్వాత వేడెక్కడమే మానేసింది. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, వేన్నీళ్లు లేనిదే గడవదు.

ముందు వచ్చిన మనిషి మూతైనా విప్పకుండా "ట్యాంకు పోయిందమ్మా, కొత్తది కొనండి" అన్నాడు. ఓనరుగారేమో "వాడింది మీరే కదా" అన్నారు. టెన్షన్‌తో కొమ్మాది వైపున్న చిన్న రిపేరు షాపుకి ఫోన్ చేశాను.

పదింటికి వస్తానన్నాయన మధ్యాహ్నం రెండింటికి వచ్చారు. ఫిర్యాదు అదొక్కటే. కరెంటు ఆపి, నీళ్లన్నీ వదిలేసి, కింది ప్లేటు విప్పారు. కాయిల్ కనబడలేదు! దాని చుట్టూ వేలెడు మందాన సున్నం గడ్డకట్టి ఉంది. అడుగున రాలిన పెచ్చులు తీస్తే మగ్గు నిండింది. పక్కనున్న మెగ్నీషియం రాడ్డు అరిగి లోపలి తీగ మాత్రం మిగిలింది. అది నా చేతిలో పెట్టి, "ట్యాంకుకి బదులు ముందు ఇది అరుగుతుందమ్మా. ఇది అయిపోతే తర్వాత వంతు ట్యాంకుదే" అన్నారు. వేడి ఎక్కువై, అలాంటప్పుడు కరెంటు ఆపేసే కటౌట్ పడిపోయిందట, కాయిల్ బాగానే ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే నురగలు కక్కుతూ సున్నం ఊడిపోయింది. బాత్రూం యాసిడ్ మాత్రం పోయొద్దని గట్టిగా చెప్పారు.

కొత్త రాడ్డు, వాషరు, కూలీ కలిపి 1,150 రూపాయలు. అడగకుండానే బిల్లు రాసిచ్చారు. అద్దెకుండేవాళ్లకి ఆ కాగితం ఎంత ముఖ్యమో! బిల్లూ అరిగిన రాడ్డు ఫోటోలూ పంపితే, ఓనరుగారు మారుమాట లేకుండా ఆ నెల అద్దెలో తగ్గించుకోమన్నారు.

కుళాయికి తగిలించే ఫిల్టర్ కొందామా అనడిగితే దాంతో ఈ సున్నం ఆగదన్నారు. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ అయితేనే పని చేస్తుందట, అది ఓనర్లు పెట్టించాల్సిన ఖర్చు. మా చేతిలో ఉన్నది వేడి తగ్గించుకోవడమే. నీళ్లు ఎంత మరిగితే సున్నం అంత త్వరగా పేరుకుంటుందని 75లో ఉన్న నాబ్‌ని 55కి తిప్పి వెళ్లారు. స్నానానికి అది చాలుతోంది, చప్పుడూ పోయింది. వచ్చే అక్టోబరులో మళ్లీ వచ్చి కడిగి వెళ్లమని ఆయనకి ఇప్పుడే చెప్పి ఉంచాను.