పాత ఫిడేలు కమాను: ముద్రను నమ్మాలా, మొనను చూడాలా?

తాతగారి ఫిడేలు పెట్టె తెరిస్తే కమాను కర్ర మీద 'టూర్ట్' అని ముద్ర కనిపించిందనుకోండి. నేటి కమానుకు రూపం దిద్దిన పారిస్ పనివాడు ఫ్రాన్స్వా జేవియర్ టూర్ట్ చేసిందేనని ఆశ పుడుతుంది. కానీ ఆయన తన కమానుల మీద ముద్ర వేసింది బహు అరుదు. ఆ పేరు గుద్దినవి చాలావరకు జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ ప్రాంతపు సరుకు. పక్కనే 'జర్మనీ' అని కూడా ఉంటే అది దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న 1890 నాటి అమెరికా సుంకాల చట్టం వచ్చాక ఎగుమతి కోసం చేసిందే అయ్యుంటుంది. అలాగని జర్మనీ పని అంతా చవకదని కాదు. నూర్న్‌బెర్గర్ కుటుంబం కమానులకు ఇప్పటికీ మంచి గిరాకీ ఉంది.

ముద్ర నిజమైనా చేసినవాడు వేరే కావచ్చు. 'వియోమ్' ముద్ర పారిస్‌లో ఫిడేళ్లు చేసి అమ్మిన వియోమ్ దుకాణానిది. అక్కడ పనిచేసిన వాళ్లలో డొమినిక్ పెకాట్ ఉన్నాడు, వ్వారాన్ ఉన్నాడు. పెకాట్ మొన గొడ్డలిలా దిట్టంగా ఉంటుంది, వ్వారాన్‌ది సన్నగా, నాజూగ్గా ఉంటుంది. ముద్ర ఒకటే అయినా ధరలో చాలా తేడా. అందుకే నా ఓటు మొనకే.

ఇక ఎవరికి చూపించాలి? వేలం సంస్థలకు ఫొటోలు పంపడం తొలి వడపోతకు బాగా పనికొస్తుంది. మొన రెండు వైపులా, ఫ్రాగ్ (చేత్తో పట్టుకునే చివర వెంట్రుకలను బిగించి ఉంచే దిమ్మ), దాన్ని బిగించే వెనక మర, ముద్ర, అన్నీ వెలుతురులో తీసి పంపాలి. కానీ మొన విరిగి అతికించిన గీత ఫొటోలో దొరక్కపోవచ్చు. ఎంత నేర్పుగా అతికించినా ఆ గీత విలువలో పెద్ద భాగాన్ని తినేస్తుంది. ఫ్రాగ్ ఆ కర్రకు పుట్టిందేనా, తర్వాత తగిలించిందా అన్నది విప్పి చూస్తేనే తేలుతుంది. కాబట్టి కమానులు చేసే మనిషి చేతికి ఇవ్వడం ఫొటోల కంటే మేలు.

పారిస్ నిపుణుల ధ్రువపత్రం ఖర్చుతో కూడుకున్నది. ఫ్రెంచి పనేనని ఇద్దరు చెప్పాక, అమ్మే ఉద్దేశం ఉంటేనే దానికి వెళ్లండి. మొనకు అతికించిన పల్చటి పలక ఏనుగు దంతమైతే దేశం దాటించడానికి అనుమతి పత్రాలు కావాలి, ముందే కనుక్కోండి.

ఈలోగా కర్రకు పాలిష్ పెట్టించకండి. వెంట్రుకలు మార్పించేటప్పుడు పాత మర, పాత ఫ్రాగ్ అరిగిపోయాయని ఎవరైనా కొత్తవి వేస్తే, పాతవి అడిగి తెచ్చుకుని పెట్టెలోనే దాచండి.