కవర్ 2024, లోపల 2014: ఆ ‘కాంబో ఆఫర్’ మనిషి దగ్గర డీ అండ్ డీ పుస్తకాలు కొనకండి

ఇది నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా కోపం దిగలేదు, కాబట్టి చెప్పడంలో వరస తప్పితే మీరే సర్దుకోండి.

సెల్లర్ పేరు చెప్పను. చెప్పక్కర్లేదు కూడా. హైదరాబాద్‌లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట) ఆడేవాళ్లమే కొద్దిమందిమి. ‘నాలుగు పుస్తకాల కాంబో, సీల్డ్ పీస్, లాస్ట్ స్టాక్’ అని మీకూ మెసేజ్ వచ్చే ఉంటుంది. ఆయనే.

నేను తీసుకున్నవి మూడు ముఖ్యమైన రూల్‌బుక్‌లు: ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డంజియన్ మాస్టర్స్ గైడ్, మాన్‌స్టర్ మాన్యువల్. మూడూ 2024 ఎడిషనే అన్నాడు. (మాన్‌స్టర్ మాన్యువల్ నిజానికి 2025 ఫిబ్రవరిలో వచ్చింది, అయినా అందరం ఆ సెట్టుని 2024 అనే అంటున్నాం.) వాటి మీద కర్స్ ఆఫ్ స్ట్రాడ్ అనే అడ్వెంచర్, అంటే ఆడటానికి సిద్ధంగా రాసిపెట్టిన కథ. మొత్తం కలిపి 6,800 రూపాయలు. కొత్త రూల్‌బుక్ ఒక్కోటి వచ్చినప్పుడు అమెరికాలోనే 49.99 డాలర్లు. పొద్దస్తమానం ఎక్సెల్ షీట్ల ముందు కూర్చునేవాణ్ని, మూడు యాభైలు నూట యాభై అని, నూట యాభై డాలర్లంటే ఎన్ని వేలో లెక్క కట్టలేకపోయానా? కట్టాను. కట్టి, ‘అబ్బ, ఎంత మిగిలిందో’ అని మురిసిపోయాను. అదీ నా తెలివి.

డబ్బు పంపిన పది నిమిషాల్లో నాలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు వచ్చాయి. ‘పార్సిల్ వచ్చేదాకా చదువుకోండి సార్, ఫ్రీ’ అన్నాడు. అక్కడే ఆగిపోవాల్సింది. ఈ రూల్‌బుక్‌లు వేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాటిని పీడీఎఫ్‌లుగా అమ్మదు. డిజిటల్ కావాలంటే వాళ్ల డీ అండ్ డీ బియాండ్ లాంటి వెబ్‌సైట్లలో కొనుక్కోవాలి, అక్కడే చదువుకోవాలి. అంటే నా చేతికొచ్చినవి ఎవడో స్కాన్ చేసిన దొంగ కాపీలు. నేనేం చేశాను? దండం ఎమోజీలు రెండు పెట్టాను.

ఇంకా ఉంది. బుధవారం పార్సిల్ వచ్చిందో లేదో మెసేజ్: ‘ఫైవ్ స్టార్ రివ్యూ పెట్టి స్క్రీన్‌షాట్ పంపండి సార్, పాచికల సెట్ ఫ్రీగా పంపుతాను.’ ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండానే రివ్యూ రాసేశాను. ఏం రాశానో తర్వాత చెప్తాను, అప్పటికి మీకూ నవ్వొస్తుంది. పాచికలు శనివారం వచ్చాయి. సెట్టులో ఏడు ఉండాలి, ఆరే ఉన్నాయి. లేనిది ఏదో తెలుసా? డి20, ఇరవై ముఖాల పాచిక. ఆటంతా నడిచేదే దాని మీద!

సరే, పోనీలే అనుకున్నాను.

ఆదివారం మా ఇంట్లో మొదటి ఆట. నేను డీఎం, అంటే కథ నడిపించే డంజియన్ మాస్టర్‌ని. మా బావమరిది క్లెరిక్ (మంత్రాలతో వైద్యం చేసే పూజారి), మా ఆఫీసు కొలీగ్ ఒకడు ఫైటర్ (యోధుడు), ఇంకో ఇద్దరు కొత్తవాళ్లు. కర్స్ ఆఫ్ స్ట్రాడ్‌లో ఒకటో లెవెల్ వాళ్ల కోసం వెనకాల డెత్ హౌస్ అని ఒక భాగం ఉంటుంది, దాంతో మొదలుపెట్టాం. ‘బిగినర్స్‌కి ఇదే బెస్ట్ సార్’ అని మన సెల్లర్ గారి సలహా. ఆ ఇంట్లో కొత్తవాళ్ల పాత్రలు ఈగల్లా రాలిపోతాయని ఆడినవాళ్లందరికీ తెలుసు. నాకు తెలియదు. పైగా ఆ డెత్ హౌస్‌ని కంపెనీయే 2016లో విడిగా ఉచితంగా ఇచ్చిందట. అదీ నిన్న రాత్రే తెలిసింది.

గంట తిరిగేసరికి ఫైటర్ సున్నా హిట్ పాయింట్లతో నేల మీద పడ్డాడు. మా బావమరిది హీరోలా లేచి, ‘బావా, క్యూర్ వూండ్స్ వేస్తున్నా’ అని, గాయాలు మాన్పే ఆ మంత్రం కోసం పుస్తకం తీశాడు. ‘ఒక డి8, దాని మీద మన మాడిఫయర్’ (ఒక ఎనిమిది ముఖాల పాచిక, దానికి పాత్ర సామర్థ్యాన్ని బట్టి కలిపే అంకె) అని చదివి పాచిక వేశాడు. ఒకటి పడింది. ప్లస్ మూడు, నాలుగు. ఫైటర్ మాత్రం ఒప్పుకోలేదు. వాడి ఫోన్‌లో 2024 ఫ్రీ రూల్స్ తెరిచి ఉన్నాయి. ‘ఒకటి కాదు, రెండు డి8లు. చూడు, ఇక్కడ రాసుంది’ అన్నాడు.

‘నెట్‌లో ఏదో పాతది చూస్తున్నావురా’ అన్నాను. నా చేతిలో ఉన్నది ఒరిజినల్ కదా మరి. అట్ట మీద బంగారు రంగు డ్రాగన్, దాని ముందు హీరోలు, అంతా కొత్త ఎడిషనే. అయినా ఎందుకో అనుమానం వచ్చి పేజీలు తిప్పాను. క్లెరిక్‌కి డొమైన్, అంటే వాడి సబ్‌క్లాస్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక శాఖ), ఒకటో లెవెల్‌లోనే వస్తుందని ఉంది. కొత్త దాంట్లో ఏ క్లాస్‌కైనా సబ్‌క్లాస్ మూడో లెవెల్‌లోనే. ఎల్ఫ్ జాతి పాత్రకి డెక్స్టెరిటీ (చురుకుదనం) రెండు పెరుగుతుందని ఉంది. కొత్త దాంట్లో ఆ పాయింట్లు జాతి నుంచి కాదు, బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) నుంచి వస్తాయి. చివరి పేజీ తీశాను. 2024 హ్యాండ్‌బుక్ 384 పేజీలు, నాది 320 దగ్గరే అయిపోయింది.

అట్ట మూల దగ్గర గోరుతో గీరితే పొర లేచి వచ్చింది. కింద బూడిద రంగు మామూలు అట్ట. కలర్ ప్రింట్ తీసిన 2024 ముఖచిత్రాన్ని దాని మీద గమ్‌తో అంటించారు. లోపలున్నది 2014 పుస్తకం స్కాన్. అదీ సరిగ్గా పెట్టి చెయ్యలేదు, కుడివైపు పేజీల్లో అక్షరాలన్నీ కొంచెం పక్కకి వాలి ఉన్నాయి. కుట్టు లేదు, జిగురు బైండింగే. పైన పటారం, లోన లొటారం అంటే ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను.

మిగతావి కూడా అప్పుడే తీసి చూశాం. మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఒక పదహారు పేజీల కట్ట రెండుసార్లు వచ్చింది, దాని బదులు డ్రాగన్ల పేజీలు కొన్ని గాయబ్. ఆట పేరులోనే డ్రాగన్స్ ఉన్నాయి సార్. కర్స్ ఆఫ్ స్ట్రాడ్ చివర మడతపెట్టిన పెద్ద మ్యాప్ ఉండాలి, ఒకవైపు కథ జరిగే బరోవియా, రెండోవైపు కోట. నా దాంట్లో ఆ మ్యాప్‌ని ఏ4 సైజుకి కుదించి ఒక పేజీలో ప్రింట్ వేశారు. ఊళ్ల పేర్లు చదవాలంటే భూతద్దం కావాలి.

అసలు సంగతి ఇప్పుడు.

అందరి ముందే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తోంది.

‘సార్, చెప్పండి సార్.’

చెప్పాను. మర్యాదగానే చెప్పాను.

‘సార్, ఫోటోలో ఏ కవర్ ఉందో అదే కవర్ వచ్చిందా, లేదా?’

‘వచ్చింది. కానీ లోపల...’

‘కవర్ 2024 అన్నాను, కవర్ 2024 ఇచ్చాను. లోపల కూడా 2024 అని ఎక్కడన్నా రాశానా బ్రో?’

సార్ నుంచి బ్రోకి దిగడానికి పట్టింది పది సెకన్లు. నాకు నోట మాట రాలేదు. ఇంత నిర్భయంగా, ఇంత తీరిగ్గా అంటాడని ఊహించలేదు. సారీ చెప్తాడేమో, ప్రెస్ వాడి మీదకి తోస్తాడేమో అనుకున్నాను. కనీసం అబద్ధమైనా ఆడొచ్చు కదా! రిఫండ్ ఇమ్మన్నాను.

‘రిఫండ్ దేనికి బాస్? పిల్లలాట. పాచిక వెయ్యడం, దయ్యం చచ్చిందనుకోవడం. దానికి ఏ పుస్తకమైతే ఏంటి?’

ఆ తర్వాత, ఫోన్ పెట్టెయ్యకుండానే, పక్కకి తిరిగి ఇంట్లో ఎవరితోనో అన్నాడు: ‘ఎవడో, పుస్తకాల గోల.’ అటు ఎవరో నవ్వారు.

డబ్బు పోయినందుకు ఇంత మంట లేదు. నిజం. ‘పుస్తకాల గోల’ అన్న ఆ మాట, ఆ నవ్వు. నలుగురూ విన్నారు. మా బావమరిది ప్లేట్‌లోని మిర్చి బజ్జీని అదే పనిగా చూస్తూ కూర్చున్నాడు, నా ముఖం చూడాల్సి వస్తుందని. ఆరు నెలలుగా వాళ్లని బతిమాలి, ఈ ఆట ఎంత బాగుంటుందో చెప్పి చెప్పి, ఒక ఆదివారం కూర్చోబెట్టాను. వాళ్ల ముందు పిల్లలాట అనిపించుకున్నాను.

నిమిషంలో మెసేజ్ వచ్చింది. సారీ అనుకుని తెరిచాను. నా రివ్యూ స్క్రీన్‌షాట్. ‘సూపర్ క్వాలిటీ. 100% ఒరిజినల్. కళ్లు మూసుకుని కొనొచ్చు.’ దాని కింద ఒక్క లైను: ‘ఇది మీరే రాశారు కదా బాస్.’ ఆ వెంటనే బ్లాక్.

కళ్లు మూసుకుని కొన్నది నేనే కాబట్టి ఆ ఒక్క మాటా నిజమేలెండి.

ఆట మాత్రం ఆపలేదు. ఫోన్లలో ఫ్రీ రూల్స్ పెట్టుకుని రాత్రి పదకొండింటి దాకా ఆడాం. రెండు డి8ల లెక్కన ఫైటర్ బతికాడు. అప్పుడు వెలిగింది, ఈ రోజు ఆడటానికి మాకు ఒక్క పుస్తకం కూడా అవసరం లేకపోయిందని. ఒకటో రెండో నెలలు ఆ ఫ్రీ రూల్స్‌తోనే ఆడుకుని, నచ్చాక ఒక హ్యాండ్‌బుక్ కొనుక్కుంటే సరిపోయేది. మిగతా రెండూ డీఎంకే కావాలి. నలుగురు ఆడేచోట నాలుగు సెట్లు ఎవరికీ అక్కర్లేదు. ఇవన్నీ ఇప్పుడు గడగడా చెప్తున్నాను, 6,800 పోయాక.

కొనేవాళ్ల కోసం గబగబా నాలుగు మాటలు. డబ్బు పంపే ముందు చివరి పేజీ నంబర్, క్యూర్ వూండ్స్ ఉన్న పేజీ వీడియో తీసి పంపమనండి. ఒక డి8 అని ఉంటే పాతది, రెండైతే కొత్తది. పీడీఎఫ్ ఫ్రీ అన్నాడంటే అక్కడే నమస్కారం పెట్టెయ్యండి. పాత 2014 పుస్తకాలు చెడ్డవని కాదు, సెకండ్ హ్యాండ్‌లో ఒరిజినల్ దొరికితే హాయిగా ఆడుకోవచ్చు, కాకపోతే టేబుల్ మీద అందరూ ఒకే ఎడిషన్ పెట్టుకోండి. పాత అడ్వెంచర్లు కొత్త రూల్స్‌తోనూ నడుస్తాయి. కొత్తవాళ్లయితే స్ట్రాడ్ జోలికి ఇప్పుడే వద్దు, 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చిన లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ చూడండి. ఒకటి నుంచి ఐదో లెవెల్ దాకా తీసుకెళ్తుంది, దారిలో గోబ్లిన్లు అడ్డగించడంతో మొదలవుతుంది, డీఎం కూడా దాంతోనే నేర్చుకోవచ్చు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. రివ్యూ మాత్రం వారం ఆగి రాయండి.

ఇంకొకటి. ఆ మనిషి తన స్టేటస్‌లో, పేజీలో పైన తగిలించుకున్న స్క్రీన్‌షాట్ ఇప్పటికీ అక్కడే ఉంది. ‘కళ్లు మూసుకుని కొనొచ్చు’ అన్నది. అది రాసింది నేనే. నమ్మకండి.