అభిమాని మీద డాక్యుమెంటరీ: జనసందోహాన్ని చూపినదా, ఒక్క మనిషిని చూపినదా, ఏది మేలు?

రాయలసీమలో అభిమానానికి కొదవ లేదు గనుక, దాని మీద చిన్న డాక్యుమెంటరీ తీయాలని కెమెరా పట్టిన కుర్రవాళ్లు అనంతపురంలోనూ కడపలోనూ ఎప్పుడూ కొందరు కనిపిస్తూనే ఉంటారు. సినిమా హీరోల అభిమాన సంఘాలను చిత్రీకరించబోయే ముందు, ఇదే పనిని రాక్ బ్యాండ్ల విషయంలో ఇతరులు ఎలా చేశారో చూడాలనుకునే వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే. బ్రిటన్‌కు చెందిన హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ ప్రపంచయాత్ర మీద వచ్చిన ‘ఫ్లైట్ 666’ (2009) ముందు చూడాలా, బీటిల్స్ అభిమాన సంఘం కార్యదర్శి మీద వచ్చిన ‘గుడ్ ఓల్ ఫ్రెడా’ (2013) ముందు చూడాలా? కొందరు వీటికి ‘ఆన్విల్! ద స్టోరీ ఆఫ్ ఆన్విల్’ (2008)ను కూడా జోడిస్తారు.

మనవాళ్లను ముందుగా ఆకర్షించేది ‘ఫ్లైట్ 666’ అన్నది సహజమే. గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్వయంగా పైలట్‌గా కూర్చుని నడిపిన బోయింగ్ 757 విమానంలో బ్యాండు దేశదేశాలు తిరిగిన ఆ యాత్ర 2008 ఫిబ్రవరి 1న ముంబైలోనే మొదలైంది. అంతకు ముందటి ఏడాది మార్చిలో అదే బ్యాండు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేసింది కాబట్టి, రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి బెంగళూరులో దిగే అనంతపురం వాళ్లకు ఆ పేరు పరాయిదిగా తోచదు. దర్శకులు శామ్ డన్, స్కాట్ మెక్‌ఫేడియన్ ఇద్దరికీ జనాన్ని చిత్రీకరించడం బాగా తెలుసు. కొలంబియా రాజధాని బొగోటాలో కచేరీ ముగిశాక, డ్రమ్ము వాయించే పుల్ల ఒకటి చేతికి చిక్కిన అభిమాని దాన్ని పట్టుకుని మాట రాక ఏడుస్తూ నిలబడిపోయే దృశ్యాన్ని చూసినవారు మరిచిపోలేరు. అయితే కెమెరా అతని దగ్గర నిలిచేది కొద్దిసేపే. విమానం లేచిపోతుంది, కెమెరా కూడా దానితోపాటే వెళ్లిపోతుంది. ఆ మనిషి ఇంటికి ఎలా చేరాడో, ఆ పుల్లను ఎక్కడ దాచుకున్నాడో, మర్నాడు పనికి వెళ్లాడో లేదో మనకు తెలిసే అవకాశం లేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న కూడా అక్కడే ఉంది: కచేరీ లేని రోజున అభిమాని ఏం చేస్తున్నాడు? మన ఊళ్ల సంగతే చూడండి. కటౌటుకు పాలాభిషేకం, డప్పులు, తెల్లవారుజామున బెనిఫిట్ షో, గేటు ముందు తొక్కిసలాట, ఇవన్నీ రిలీజు రోజు మధ్యాహ్నానికల్లా తెమిలిపోతాయి. మిగిలిన రోజుల్లో సంఘం అధ్యక్షుడు చందాల పుస్తకం చంకన పెట్టుకుని అంగడి అంగడికీ తిరగడం, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత పెద్దదిగా పడాలన్న తగువు తీర్చడం, సొంత డబ్బు ఎంత పోయిందని ఇంట్లో అడిగితే మాట మార్చడం ఎవరి కెమెరాకూ చిక్కవు. 1998లో చిరంజీవి రక్తనిధి స్థాపించాక రక్తదానాన్ని తమ పనిగా నెత్తికెత్తుకున్న అభిమానులు ఎందరో ఉన్నారు. వారి కథ ఆ మామూలు రోజుల్లోనే ఉంది తప్ప మొదటి ఆటలో లేదు.

ఈ కొలతతో చూస్తే ‘గుడ్ ఓల్ ఫ్రెడా’ ముందు మిగిలినవి నిలవవు. లివర్‌పూల్‌లో టైపిస్టుగా పనిచేస్తూ, మధ్యాహ్నం భోజన విరామంలో క్యావర్న్ క్లబ్బుకు వెళ్లి బీటిల్స్ పాట వినే ఫ్రెడా కెల్లీని, ఆమెకు 17 ఏళ్ల వయసులోనే బీటిల్స్ మేనేజరు బ్రయాన్ ఎప్‌స్టీన్ ఉద్యోగంలోకి తీసుకున్నాడు. అభిమాన సంఘానికి తన ఇంటి చిరునామానే ఇచ్చిన ఆ పిల్ల వల్ల, వచ్చిపడే ఉత్తరాల కుప్పలో ఇంటి బిల్లులు కనిపించక తండ్రి విసుక్కున్నాడట. ఒక అభిమాని దిండు గలీబు పంపి, బీటిల్స్ డ్రమ్మరు రింగో దాని మీద ఒక రాత్రి పడుకుంటే చాలునని వేడుకుంటే, ఫ్రెడా దాన్ని రింగో తల్లికి అప్పగించి ఆ పని జరిగేలా చూసింది. బీటిల్స్ తలవెంట్రుకలు కావాలని రాసినవారికి సహాయకురాలొకరు వేరే వెంట్రుకలు పంపిస్తే, ఆ మోసం సహించలేక పనిలోనుంచి తీసేసింది. ఉత్తరం రాసినవాళ్లు తనలాంటి వాళ్లేనన్న ఎరుక ఆమెను ఒక్క క్షణం కూడా విడువలేదని ఈ సంఘటనలు చెబుతాయి. అభిమానం ఇక్కడ బాధ్యతగా మారింది, అది 11 ఏళ్లు సాగింది.

ఆ తరువాతి భాగం ఇంకా విలువైనది. తన దగ్గరున్న వస్తువుల్లో చాలావాటిని అభిమానులకే పంచిపెట్టేసి, అటక మీద కొన్ని పెట్టెలు మాత్రం మిగుల్చుకుని, అమ్ముకుంటే ఎంతో డబ్బు వచ్చే రహస్యాలను దశాబ్దాలపాటు ఎవరికీ చెప్పకుండా ఆమె మళ్లీ సెక్రటరీ ఉద్యోగమే చేసుకుంది. దర్శకుడు రయన్ వైట్ కొన్నిచోట్ల మరీ మెతకగా అడిగాడనీ, ఆమె నవ్వి దాటవేసిన ప్రశ్నలను వెంటాడలేదనీ ఫిర్యాదు చేయవచ్చు, అందులో న్యాయం ఉంది. కానీ చెప్పకూడనిది చెప్పనన్న ఆమె పట్టుదల ఆమె అభిమానంలో భాగమే కాబట్టి, ఆ దాటవేతలను కూడా నేను చిత్రానికి బలంగానే లెక్కిస్తాను.

‘ఆన్విల్’ది ఇంకో దారి. అక్కడ కెమెరా పట్టినవాడే అభిమాని. కుర్రతనంలో ఈ కెనడా బ్యాండు వెంట తిరిగి సామాన్లు మోసిన సాషా గెర్వాసీ, చాలా ఏళ్ల తర్వాత తిరిగివచ్చి, పేరు నిలబెట్టుకోలేకపోయిన వారిని చిత్రించాడు. గాయకుడు లిప్స్ బతుకుతెరువుకు పిల్లల భోజనాలు చేరవేయడం, డబ్బు అవసరమై ఒక వీరాభిమాని చూపించిన పనిలో చేరి ఫోన్‌లో కళ్లద్దాలు అమ్మబోయి చతికిలపడటం నవ్వు తెప్పిస్తూనే మనసు మెలిపెడతాయి. ఇది చాలా మంచి చిత్రమని ఒప్పుకుంటాను, కథగా చూస్తే బహుశా మూడింటిలో ఇదే ముందుంటుంది. అయినా ఇందులో మనం చూసేది బ్యాండును, అభిమాని కనిపించేది అతని చూపులోని ఆప్యాయతలో మాత్రమే. తాను అభిమానించే మనిషిని దగ్గరగా చిత్రీకరించే వీలున్నవారికి ఇది పాఠం, మన కుర్రవాళ్లకు ఆ వీలు ఎక్కడిది?

అభిమానుల మీద వచ్చినవి మరో రెండున్నాయి. ‘హెవీ మెటల్ పార్కింగ్ లాట్’ (1986) పావుగంట పైచిలుకు నిడివి గలది, జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండు కచేరీకి ముందు అమెరికాలోని మేరీలాండ్‌లో వాహనాలు నిలిపే చోట తీసినది, సరదాగా ఉంటుంది. డాక్యుమెంటరీ దర్శకుడు పెనెబేకర్ బృందం తీసిన ‘101’ (1989)లో డెపెష్ మోడ్ అనే బ్రిటిష్ బ్యాండు అభిమానులు బస్సులో చేసిన ప్రయాణం ఉంది, కచేరీ భాగం ఎక్కువ.

తీయబోయేవారికి మరొక సంగతి కూడా చెప్పాలి. ‘ఫ్లైట్ 666’ బ్యాండు సహకారంతో తయారైంది గనుక పాటలకు లోటు లేదు. ఫ్రెడా చిత్రంలో బీటిల్స్ సొంత పాటలు నాలుగే ఉన్నాయి, అయినా చిత్రం నిలిచింది. హీరో పాట రెండు నిమిషాలు వాడితేనే యూట్యూబులో కాపీరైట్ అభ్యంతరం వచ్చే మనవాళ్లు, పాట అవసరం లేని చోట కెమెరా నిలబెట్టడం ఈ చిత్రం నుంచి నేర్చుకోవచ్చు: చందాల పుస్తకం దగ్గర, ఫ్లెక్సీ ప్రింటింగ్ అంగట్లో, సంఘం గదిలో. ఒక్క సాయంత్రమే తీరిక ఉన్నవారు ‘గుడ్ ఓల్ ఫ్రెడా’ చూడండి, రెండోది వీలైతే ‘ఆన్విల్’ చూడండి, ‘ఫ్లైట్ 666’ను పెద్ద తెర, గట్టి స్పీకర్లు దొరికే రోజుకు అట్టిపెట్టుకోండి.