పెంటాంగిల్ పాటల వెంట లండన్: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి

లండన్ వెళ్తున్నాం అనగానే తెలిసినవాళ్లంతా బిగ్ బెన్ దగ్గర ఫోటో తీసి పంపమన్నారు. మేం వెళ్లింది మాత్రం పెంటాంగిల్ అనే బ్రిటిష్ బ్యాండ్ కోసం. బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ గిటార్లు, డానీ థాంప్సన్ డబుల్ బేస్, టెర్రీ కాక్స్ డ్రమ్స్, జాకీ మెక్‌షీ గొంతు. 1967లో ఈ అయిదుగురూ లండన్‌లో కలిసి, ఇంగ్లండ్, స్కాట్లండ్ జానపద గీతాలకి జాజ్ నడక కలిపారు. 1973 మొదట్లో విడిపోయారు. 1980ల్లో మళ్లీ కలిసినా ఒక్కొక్కరే తప్పుకుంటూ పోయారు. 2007లో బీబీసీ రేడియో 2 ఫోక్ (జానపద సంగీత) అవార్డుల్లో జీవిత సాఫల్య పురస్కారం అందుకోవడానికి వచ్చి, ఇరవై ఏళ్లు దాటాక మొదటిసారి అయిదుగురూ ఒకే వేదిక మీద వాయించారు. మరుసటి ఏడాది బ్రిటన్ అంతా తిరిగి కచేరీలు చేశారు.

ఈ బ్యాండ్ గురించి మన తెలుగువాళ్లకి చెప్పాలంటే నేను తాళంతో మొదలుపెడతాను. 1969లో వచ్చిన ‘బాస్కెట్ ఆఫ్ లైట్’ ఆల్బమ్‌లో ‘లైట్ ఫ్లైట్’ అనే పాట ఉంది. బీబీసీ తొలి కలర్ డ్రామా సీరియల్‌కి అదే టైటిల్ పాట. దాని పుణ్యమా అని ఆ ఆల్బమ్ బ్రిటిష్ చార్టుల్లో అయిదో స్థానం దాకా వెళ్లింది. ఆ పాట అయిదు దెబ్బల లెక్కలో నడుస్తుంది, ఏడులోకి మళ్లుతుంది, మధ్యలో ఆరు కూడా ఉంది. గుంటూరులో సంగీతం క్లాసుకి వెళ్లిన రోజుల్లో అయిదు లెక్కల ఖండ చాపు, ఏడు లెక్కల మిశ్ర చాపు వేసి వేసి అరచేతులు ఎర్రబడిన నాకు ఆ పాట మొదటిసారి విన్నప్పుడే చెయ్యి దానంతటదే లేచింది. తక తకిట, తకిట తకధిమి. అన్నీ అకౌస్టిక్ వాయిద్యాలే. ఇంకో రెండు పాటల్లో రెన్‌బోర్న్ సితార్ కూడా పట్టుకున్నారు. అప్పటి నుంచీ నేను ఈ బ్యాండ్ మనిషినే.

ఇక ప్రయాణం. మేముండేది బర్మింగ్‌హామ్‌లో. అక్కడి నుంచి లండన్ యూస్టన్‌కి గంటన్నరలోపు చేర్చే రైళ్లు ఉన్నాయి, రెండు గంటలు దాటే రైళ్లూ ఉన్నాయి. టికెట్ ముందుగా కొనుక్కుంటే నెమ్మది రైలు చాలా చవక. మావారు, నేను టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకున్నాం, ఇద్దరు కలిసి వెళ్లేవాళ్లకి మూడో వంతు తగ్గుతుంది. వెళ్లేటప్పుడు హాయిగా వెళ్లాం. వచ్చేటప్పుడు రైలు దారిలో ఆగిపోయి గంట పైనే ఆలస్యమైంది, ఎందుకో చెప్పే నాథుడు లేడు. ఇలాంటప్పుడు ‘డిలే రిపే’ కింద డబ్బు వెనక్కి అడగొచ్చు. టికెట్ ఫోటో తీసి ఆన్‌లైన్లో పెడితే చాలు. మనవాళ్లు చాలామంది ఎవరు పడతారులే అని వదిలేస్తారు. వదలకండి, మాకు డబ్బు వచ్చింది.

బస విషయంలో ఒకటి చెప్పాలి. యూస్టన్ పక్కనే ఉంది కదా అని మొదట ఒక చిన్న హోటల్ బుక్ చేశాం. గది వెబ్‌సైట్లో చూసినదానిలో సగం ఉంది. కిటికీ తెరుచుకోదు, రాత్రంతా కింద బండ్ల మోత. రిసెప్షన్లో అడిగితే గదులన్నీ ఇంతే అన్నారు. ఆ డబ్బుకి అది అన్యాయం. రెండో మకాం ఆర్చ్‌వే వైపు ఒక పెద్దాయన నడిపే గెస్ట్‌హౌస్‌లో. స్టేషన్ నుంచి ఎత్తు ఎక్కాలి, లిఫ్ట్ లేదు, కానీ పక్క శుభ్రం, వేడి నీళ్లు ఎప్పుడు తిప్పినా వచ్చాయి, పొద్దున్నే టోస్టూ టీ ఆయనే స్వయంగా తెచ్చి పెట్టారు. మేం శాకాహారులమని చెబితే మర్నాటికి వేరే పెనం మీద పుట్టగొడుగులు వేయించి ఇచ్చారు. నడక సమస్య కానివాళ్లు నార్తర్న్ లైన్ అనే మెట్రో మార్గం మీద కాస్త పైకి వెళ్లి బస చూసుకోవడం మేలు. సెంట్రల్ లండన్‌కి ఇరవై నిమిషాలు, అంతే.

సోహో నుంచి మొదలుపెట్టాం. గ్రీక్ స్ట్రీట్ 49వ నంబరు కింద నేలమాళిగలో 1960ల్లో ‘లే కజిన్స్’ అనే ఫోక్ క్లబ్ ఉండేది. శనివారం రాత్రి మొదలైతే తెల్లవారేదాకా పాటలే. జాన్ష్, రెన్‌బోర్న్ అక్కడ వాయించి వాయించి చెయ్యి తిప్పుకున్నారు. పెంటాంగిల్ తొలినాళ్లలో ఆదివారాలు వాయించిన హార్స్‌షూ అనే చోటు టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో ఉండేది, ఇప్పుడు ఆ పబ్బే లేదు. డెన్మార్క్ స్ట్రీట్‌లో గిటార్ షాపులు కొన్ని మిగిలాయి గానీ చుట్టూ పెద్ద పెద్ద తెరల వెలుగు, కొత్త కట్టడాలు. నిజం చెప్పాలంటే సోహోలో ఈ బ్యాండ్ అభిమానికి దొరికేది తక్కువ. ఒక పూట మించి పెట్టకండి.

ఆ పూటలో బెర్విక్ స్ట్రీట్ పాత రికార్డుల షాపులకి మాత్రం తప్పకుండా వెళ్లండి. రెక్లెస్ రికార్డ్స్‌లో కౌంటర్ దగ్గర కుర్రాడిని అడిగితే, పెంటాంగిల్ రికార్డులు వేసిన ట్రాన్సాట్లాంటిక్ లేబుల్ తొలి ముద్రణకీ తర్వాతి ముద్రణలకీ తేడా ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చూపించాడు. లైటు కింద రికార్డు వాలుగా పెట్టి గీతలు ఎక్కడున్నాయో కూడా తనే చెప్పాడు. కొనకపోయినా మొహం మాడ్చుకోలేదు. పాతికేళ్లు కూడా దాటని పిల్లలు వచ్చి పెంటాంగిల్ ఉందా అని అడుగుతుంటారట. విని ఎంత సంతోషమేసిందో!

అక్కడి నుంచి నది దాటి రాయల్ ఫెస్టివల్ హాల్‌కి. 1951 నాటి కట్టడం. ఎంబాంక్‌మెంట్ స్టేషన్లో దిగి పాదచారుల వంతెన మీదుగా నడిచి వెళ్తే బాగుంటుంది. లోపలి వసారా (ఫోయర్)లోకి ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ అక్కర్లేదు, కూర్చుంటే ఎవరూ లేవమనరు, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. అయిదో అంతస్తులో కవిత్వం లైబ్రరీ ఉంది, అదీ ఉచితమే. శుక్రవారం నుంచి ఆదివారం దాకా వెనక వైపు తిండి బజారు పెడతారు, ధరలు ఎక్కువే.

పెంటాంగిల్‌కి ఈ హాలు పుట్టిల్లు లాంటిది. 1968 జూన్ 29న ఇక్కడ చేసిన కచేరీయే ‘స్వీట్ చైల్డ్’ ఆల్బమ్‌లో సగం. నలభై ఏళ్ల తర్వాత 2008 టూర్‌లో మళ్లీ ఇదే వేదిక ఎక్కారు. 2011 ఆగస్టు 1న ఇంకోసారి. ఆ సాయంత్రం నేను హాల్లో ఉన్నాను. ఈ దేశానికి వచ్చిన కొత్త. ఆఫీసులో ఒక పెద్దావిడ తన దగ్గర టికెట్ మిగిలిందని తీసుకెళ్లింది. చుట్టూ అరవై దాటినవాళ్లే ఎక్కువ. అంతకు ముందే కేంబ్రిడ్జ్ ఫోక్ ఫెస్టివల్‌లో విని, తనివి తీరక మళ్లీ వచ్చినవాళ్లు ఉన్నారు. ఇంటర్వెల్లో ఎవరిని కదిపినా ఏ ఊళ్లో, ఏ కాలేజీ హాల్లో మొదటిసారి విన్నారో చెప్పేవాళ్లు. నా పక్క సీటాయన 1968 కచేరీకి కూడా వచ్చాడట. ‘లైట్ ఫ్లైట్’ మొదలవగానే ఆయన మోకాలి మీద వేళ్లతో లెక్క వేయడం చూశాను. మూడూ రెండూ, మూడూ రెండూ అని ఎక్కడా తప్పకుండా. నేను ఒళ్లో చెయ్యి పెట్టుకుని రెండూ మూడూ అని వేస్తున్నాను. ఒకరి లెక్క ఇంకొకరికి కనబడి ఇద్దరం తలూపుకున్నాం.

ఆ జనం ప్రేమలో నాకు నచ్చింది ఒకటుంది. జాకీ గొంతు ఇరవై ఏళ్ల నాటిలా ఉందా, వేళ్లు అప్పటంత చురుగ్గా కదులుతున్నాయా అని ఎవరూ తూచలేదు. డబుల్ బేస్ ఒంటరిగా మోగినంతసేపూ హాల్లో దగ్గు కూడా వినపడలేదు. పాట అయ్యాక ఒకేసారి లేచి నిలబడ్డారు. జాన్ష్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. ఆయన జనం ముందు వాయించిన చివరి కచేరీ అదే. అక్టోబర్ 5న పోయారు, 67 ఏళ్ల వయసులో. 2015లో రెన్‌బోర్న్ పోయారు. 2008 టూర్ రికార్డింగులు 2016లో ‘ఫినాలే’ పేరుతో వచ్చాయి. అయిదుగురూ పెద్దయ్యాక ఎలా వాయించారో వినాలంటే అదే వినండి. వయసుతో వచ్చిన నిదానం ఆ పాటలకి ఎంతో నప్పింది.

ఈ యాత్రలో అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చిన చోటు సెసిల్ షార్ప్ హౌస్. కామ్డెన్ టౌన్ స్టేషన్ నుంచి పది నిమిషాల పైచిలుకు నడక, రీజెంట్స్ పార్క్ రోడ్డులో. ఇంగ్లిష్ జానపద నృత్య సంఘం 1930లో కట్టుకున్న ఇల్లు. అందులోని వాన్ విలియమ్స్ మెమోరియల్ లైబ్రరీలో పాత పాటల సేకరణలు ఉన్నాయి. పెంటాంగిల్ పాడిన చెల్లెల్ని చంపిన అక్క కథ లాంటి పాటలు ఎన్ని ఊళ్లలో ఎన్ని రకాలుగా పాడారో కాగితాల మీద చూడొచ్చు. పరిశోధకులమో విద్యార్థులమో కానక్కర్లేదు. లైబ్రరీ ఆవిడ ఏ పాట కావాలో అడిగి, నంబర్ వెతికి, మూడు నాలుగు పాఠాంతరాలు తీసి ముందు పెట్టింది. తెలుగులో ఇలాంటి పాటలున్నాయా అని అడిగితే మా అమ్మమ్మ పాడే కామమ్మ కథ గురించి చెప్పాను. రాసుకుంది.

అక్కడే మంగళవారం సాయంత్రాలు షార్ప్స్ ఫోక్ క్లబ్ నడుస్తుంది. మేం ఆ రోజు చూసుకునే వెళ్లాం. ప్రవేశం ఖర్చు నామమాత్రం. ఊళ్లో రామమందిరం దగ్గర భజనలో ఒకరి తర్వాత ఒకరు పాట ఎత్తుకున్నట్టే ఇక్కడా వంతులవారీగా పాడతారు, చరణం చివర అందరూ అందుకుంటారు. మైకు లేదు. ఒక కాలేజీ అమ్మాయి జాన్ష్ పద్ధతిలో బొటనవేలితో మంద్ర స్వరాలు నడిపిస్తూ మిగతా వేళ్లతో పాట వాయించింది. మధ్యలో ఒకచోట తడబడి ఆగింది. వెనక నుంచి తెల్ల గడ్డం తాతగారొకరు ఆ వరసని గొంతుతో అందించారు, అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకుంది. తర్వాత మాటల్లో తెలిసింది, ఆ తాతగారు 1970 ప్రాంతంలో రికార్డు ప్లేయర్ స్పీడు తగ్గించి ఆ గిటార్ వరసలన్నీ ఒక్కో స్వరం ఏరుకుని నేర్చుకున్నారట. ఇప్పుడు అడిగినవాళ్లకల్లా నేర్పుతున్నారు, డబ్బు తీసుకోరు. ఆ అయిదుగురూ కలిసి వాయించని ఏళ్లన్నిటా ఆ పాటల్ని నిలబెట్టింది ఇలాంటివాళ్లే. అయిదుగురూ తిరిగొచ్చేసరికి హాళ్లు నిండాయంటే అందులో వీళ్ల పాలు చాలా ఉంది. నన్నూ పాడమన్నారు. ఎంకి పాట ఒకటి పాడాను, మాట తెలియకపోయినా పల్లవి అందుకున్నారు.

చివరి రోజు హైగేట్ శ్మశానం. ఆర్చ్‌వే నుంచి ఎత్తు ఎక్కి వాటర్‌లో అనే పార్కు గుండా వెళ్తే దగ్గర. ప్రవేశానికి టికెట్ ఉంది, ఆ డబ్బు నిర్వహణకే పోతుంది. తూర్పు భాగంలో కార్ల్ మార్క్స్ సమాధి దగ్గరే జనం. జాన్ష్ సమాధి కోసం వచ్చామంటే గేటు దగ్గరి వాలంటీర్ మ్యాప్ మీద పెన్నుతో గుర్తు పెట్టి ఇచ్చింది. వర్షాకాలం బూట్లు వేసుకోండి, దారులు బురద. పెద్దవాళ్లని తీసుకెళ్తే తొందరపెట్టకండి, వాలు ఎక్కువ, బెంచీలు తక్కువ. మధ్యాహ్నం దాటకుండా వెళ్తే ప్రశాంతంగా చూడొచ్చు.

తిండికి మాకు ఇబ్బంది కాలేదు. యూస్టన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో శాకాహార హోటళ్లు ఉన్నాయి. దోసె ఫరవాలేదు, సాంబారు తీపి, భేల్‌పూరీ, చాట్ మాత్రం చాలా బాగున్నాయి. రైల్వే పనుల వల్ల ఆ వీధి కొన్నేళ్లుగా దెబ్బతింది, యూస్టన్‌లో దిగినవాళ్లు ఒక పూటైనా అక్కడ తింటే వాళ్లకీ ఆసరా. సెసిల్ షార్ప్ హౌస్ దగ్గరి ప్రిమ్‌రోజ్ హిల్ కెఫేల జోలికి వెళ్లకండి, కాఫీ కేకుకే చెయ్యి కాలుతుంది.

ఇక ఎడింబరా మిగిలింది. జాన్ష్ పెరిగిన ఊరు. అక్కడి హౌఫ్ అనే ఫోక్ క్లబ్‌లోనే ఆయన కుర్రతనంలో గిటార్ పాఠాలు మొదలయ్యాయి. ఫారెస్ట్ రోడ్డులోని శాండీ బెల్స్ పబ్‌లో ఇప్పటికీ సాయంత్రాలు జానపద సంగీతం ఉంటుందని క్లబ్‌లో తాతగారు చెప్పారు. ఆగస్టులో పండగల వల్ల అక్కడ గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి అక్టోబర్‌కి చూస్తున్నాం. ఎడింబరాలో ఉన్న తెలుగువాళ్లెవరైనా నడిచి వెళ్లేంత దూరంలో మంచి బస చెబితే సంతోషిస్తాను. మెట్లున్నా ఫరవాలేదు, కిటికీ తెరుచుకుంటే చాలు.