అనిమే చూపిన దారిలో ఒక రాత్రి బస: హిదా ఫురుకావా

మకోతో షింకాయ్ దర్శకత్వంలో 2016లో వచ్చిన అనిమే (జపాన్ యానిమేషన్) సినిమా ‘యువర్ నేమ్’ను ప్రేమించి జపాన్ వెళ్లేవారు చాలామంది టోక్యోలోని యొత్సుయాలో, ఆ సినిమాలో కనిపించే సుగా ఆలయం మెట్ల దగ్గర ఫొటో దిగి తృప్తి పడతారు. ఎర్రని కమ్మీ ఉన్న ఆ మెట్లు చూడదగినవే. కానీ అక్కడ అరగంటకు మించి చూడవలసింది లేదు, చుట్టూ ఉన్నవి ఇళ్లు కనుక నెమ్మదిగా మాట్లాడి త్వరగా కదలడమే మర్యాద. టోక్యోలో ఒక రోజు తగ్గించుకొని అయినా అదే సినిమాలో కనిపించే, మధ్య జపాన్‌లోని గిఫు కొండల మధ్య ఉన్న హిదా ఫురుకావా అనే చిన్న ఊరిలో ఒక రాత్రి ఉండమని నేను గట్టిగా చెబుతాను.

నగోయా నుంచి ‘హిదా’ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. అయితే చాలా బళ్లు తకాయామాలోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి లోకల్ బండిలో ఇంకో పావుగంట పడుతుంది కానీ, బండికీ బండికీ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. విదేశీ యాత్రికులు జపాన్ రైళ్లలో తిరగడానికి కొనే ఏడు రోజుల జె.ఆర్. పాస్ ధర 2023 అక్టోబరులో 50,000 యెన్‌లకు పెరిగింది; టోక్యో నుంచి ఇక్కడికి వచ్చి వెళ్లడానికే అయితే విడి టికెట్లే చవక.

స్టేషన్ దగ్గరి కాలివంతెన మీద నిలబడితే సినిమాలోని రైలు దృశ్యం ఎదురుగా కనిపిస్తుంది. అందులో చూపిన పాత డీజిల్ బళ్ల స్థానంలో 2022 నుంచి హైబ్రిడ్ బళ్లు రావడంతో ఫ్రేము అచ్చంగా కలవదు గానీ, నాకది లోటుగా తోచలేదు. కథానాయకుడు పాత పుస్తకాలు తిరగేసిన గ్రంథాలయం ఈ ఊరిదే. కౌంటరులో చెప్పి అనుమతి తీసుకున్నాకే, అక్కడ చదువుకుంటున్నవారి ముఖాలు పడకుండా ఫొటోలు తీసుకోవాలి. బడి పిల్లలు, పెద్దవాళ్లు తమ పని తాము చేసుకుంటున్న గదిలోకి మనల్ని ఇంత నమ్మకంతో రానివ్వడం నన్ను కదిలించింది.

సినిమా సంగతి మరిచిపోయి తిరిగినా ఈ ఊరు నిరాశపరచదు. తెల్లగోడల గిడ్డంగుల వెంట పారే సెతోగావా కాలువలో రంగురంగుల కోయి చేపలు ఈదుతుంటాయి. చలికాలంలో వాటిని చెరువుకు తరలిస్తారు కనుక వాటి కోసం వెళ్లేవారు ఏప్రిల్ తరువాత వెళ్లడం మేలు. చూరు కింద తెల్లరంగు పూసిన చెక్క దన్నులను గమనించండి: ఒక్కో వడ్రంగి తనదైన నమూనాలో చెక్కుతాడు కాబట్టి, ఆ ఇల్లు ఎవరి చేతి పనో తెలిసినవారు చూడగానే చెప్పగలరు. నాకు యాత్ర మొత్తంలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

బసకు తకాయామాలో హోటళ్లు ఎక్కువ, భోజనానికీ అక్కడే వెసులుబాటు. అయినా పగటి యాత్రికులు వెళ్లిపోయాక ఫురుకావా వీధులను చూడాలంటే ఇక్కడి చిన్న సత్రంలోనే ఉండాలి. ఇబ్బందల్లా తిండి దగ్గరే. దుకాణాలు పెందలాడే మూసేస్తారు, ఎక్కడ చూసినా హిదా గొడ్డుమాంసమే, కూరగాయల పులుసులో కూడా చేపల రసం కలుస్తుంది. శాకాహారులు గది బుక్ చేసేటప్పుడే ఆ మాట జపనీస్‌లో రాసి పంపాలి. చేరుకున్నాక చెబితే వంటవారు చేయగలిగింది ఉండదు.

‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ అనిమే అభిమానులు వెళ్లే, టోక్యోకు దక్షిణాన ఉన్న కామకూరా కోకో-మాఏ స్టేషన్ దగ్గరి రైల్వే గేటు విషయంలో మాత్రం నాకు అంత ఉత్సాహం లేదు. సముద్రం ముందు నుంచి ఎనోడెన్ అనే స్థానిక రైలు సాగిపోవడం అందంగానే ఉంటుంది, కానీ ఫొటోల కోసం జనం రోడ్డు మీదికి వచ్చేస్తారు, స్థానికులకు నడవడమే కష్టమవుతుంది. వెళ్లాలనుకుంటే తెల్లవారగానే వెళ్లి, కాలిబాట మీదే నిలబడండి.

ఫురుకావా పండుగ ఏటా ఏప్రిల్ 19, 20 తేదీలలో జరుగుతుంది. రాత్రి పెద్ద డోలును ఊరేగించే వేడుక చూడాలనుకునేవారు నెలల ముందే గది ఖాయం చేసుకోవాలి. దొరకకపోతే తకాయామాలో ఉండి, తిరుగు బండి వేళ చూసుకొని రావచ్చు.