ఆరేళ్లుగా రామన్ మెషీన్‌తో: నల్ల ఇసుక, ఉప్పుగాలి

మా కోనసీమ కాలేజీ ల్యాబ్‌లోకి రామన్ స్పెక్ట్రోమీటర్ వచ్చి ఆరేళ్లయింది. లేజర్ వెలుగు పదార్థం మీద పడి చెదిరినప్పుడు దాని రంగు పిసరంత మారుతుంది; ఆ మార్పు చూసి అది ఏ పదార్థమో చెప్పే యంత్రమిది. మైక్రోస్కోపు ఉన్న మోడల్, 532, 785 నానోమీటర్ల లేజర్లు రెండు. కంపెనీ పేరు చెప్పను. సర్వీసు ఇంజనీరు కోసం మూడు వారాలు ఎదురుచూసిన కడుపుమంట ఇంకా చల్లారలేదు.

నచ్చింది ముందు చెబుతాను. శాంపిల్‌ని నూరక్కర్లేదు, కరిగించక్కర్లేదు. అంతర్వేది నల్ల ఇసుక చిటికెడు గాజు పలక మీద చల్లి, ఒక్కో గింజను లేజర్ కిందికి జరిపితే చాలు. జిర్కాన్ ఖనిజమైతే 1008 వేవ్‌నంబర్ (రంగు ఎంత మారిందో చెప్పే కొలత) దగ్గర గ్రాఫులో పీక్, అంటే శిఖరం, సూదిలా లేస్తుంది. రూటైల్, అనటేజ్ రెండూ టైటానియం డయాక్సైడే అయినా, అనటేజ్ 144 దగ్గరే దొరికిపోతుంది. తడి శాంపిల్ అయినా పేచీ లేదు, నీటి సిగ్నల్ బలహీనం.

ఇక నేను బోల్తాపడ్డ సంగతి. మొదటి ఏడాది ఒక నల్ల గింజ సిగ్నల్ నీరసంగా ఉందని పవర్ పెంచేశాను. రామన్ వెలుగు ఎప్పుడూ పిసరంతే, కోటి ఫోటాన్లు పడితే ఒకటి వచ్చినట్టు. పెంచగానే 225, 292, 411 దగ్గర పీక్‌లు ముచ్చటగా లేచాయి. హెమటైట్ (ఎర్రటి ఇనుప ఖనిజం) అని రికార్డులో రాసేశాను. మర్నాడు అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ గింజ టక్కున అతుక్కుంది. హెమటైట్ అలా అతుక్కోదే! లెన్సు కింద చూస్తే లేజర్ పడ్డచోట ఎర్రటి చుక్క. అది మాగ్నెటైట్ (అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ఖనిజం), నేనే కాల్చి హెమటైట్ చేశాను. పవర్ బాగా తగ్గించి, పక్కచోట ఓపిగ్గా తీస్తే 670 దగ్గర అసలు పీక్ బయటపడింది.

మిల్లు ఊక, కొబ్బరి పీచు పెడితే 532 లేజర్‌తో ఫ్లోరసెన్స్ (పదార్థం తానే వెలగడం) వరదే, పీక్‌లన్నీ మునిగిపోతాయి. 785 కొంత నయం. అయితే మోనజైట్ అనే ఖనిజంలోని అరుదైన లోహాలు 785 కింద తామే వెలిగి పీక్‌ల వేషం వేస్తాయి. లేజర్ మార్చి చూస్తాను: షిఫ్ట్ (ఆ రంగు మార్పు) అదే చోట ఉంటే రామన్, జరిగితే దొంగ పీక్.

మెషీన్‌కి అసలు శత్రువు మా గాలి. రోజూ పొద్దున్నే సిలికాన్ ముక్క పెట్టి, దాని పీక్ సరిగ్గా 520.7 దగ్గరే వస్తోందా అని చూస్తాం. వానాకాలంలో కరెంటు పోయి ఏసీ ఆగిన మర్నాడు ఆ పీక్ తప్పకుండా పక్కకు జరిగి ఉంటుంది. కొనేవాళ్లు యూపీఎస్, డీహ్యూమిడిఫయర్ కూడా అదే బిల్లులో పెట్టించుకోండి. తర్వాత అడిగితే ఎవరూ సాంక్షన్ చేయరు.